పాత గేమ్స్ మళ్ళీ ఆడాలంటే పాత కంప్యూటర్ కావాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: చిన్నప్పుడు ఆడిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా, ఐజీఐ, వైస్ సిటీ మళ్ళీ ఆడాలని ఉంది. అప్పట్లో పేరు వినడమే తప్ప ఆడని డూమ్, మంకీ ఐలాండ్, ఎక్స్-కామ్ కూడా ఓ పట్టు పట్టాలని ఉంది. దానికి పాత కంప్యూటర్ వెతికి కొనాలా, ఇప్పటి ల్యాప్‌టాప్ సరిపోతుందా? లేక ఇవన్నీ వదిలేసి, పాత పద్ధతిలో కొత్తగా వస్తున్న గేమ్స్ ఆడుకోవడమే నయమా? ఇంట్లో పడి ఉన్న సీడీలు దేనికైనా పనికొస్తాయా?

పాత కంప్యూటర్ అక్కర్లేదండి. మీ ల్యాప్‌టాప్ పదేళ్ళ కిందటిదైనా చాలు. అయితే చాలామంది తిరగేసి అనుకునే విషయం ఒకటుంది. గేమ్ ఎంత పాతదైతే ఆడించడం అంత తేలిక. 1990లో డాస్‌కి (విండోస్ కన్నా ముందు కంప్యూటర్లలో వాడిన వ్యవస్థ) వచ్చిన ప్రిన్స్ ఐదు నిమిషాల్లో మొదలైపోతుంది. ప్రాణం తీసేవి 1995 నుంచి 2005 మధ్య వచ్చిన విండోస్ గేమ్స్. మీ జాబితాలో రెండు రకాలూ ఉన్నాయి.

కొత్తవా, పాతవా అన్నదానికి నా మాట ఇది. షూటింగ్ గేమ్స్ అయితే నేరుగా పాతవాటికే వెళ్ళండి, డూమ్ ఇవాళ్టికీ పాతబడలేదు. గెంతుతూ దూకుతూ పోయే ప్లాట్‌ఫార్మ్ గేమ్స్, కథ నడిచే అడ్వెంచర్ గేమ్స్ అయితే, ముందు కొత్తవి ఒకటి రెండు ఆడి ఆ తర్వాత వెనక్కి వెళ్ళండి. ఎందుకో కింద రాస్తాను.

నేను దీన్ని వృత్తిగా చేసేవాణ్ణి కాదు. సరదాగా మొదలై, ఇప్పుడు తెలిసినవాళ్ళంతా "ఇది ఓపెన్ కావట్లేదు, కాస్త చూడు" అని ఫోల్డర్లు పంపించే దాకా వచ్చింది. కింద రాసేదంతా అలా చూసీ చూసీ తెలిసినదే.

డాస్ గేమ్స్ ఎందుకు తేలిక

డాస్ కాలంలో గేమ్‌కీ కంప్యూటర్‌కీ మధ్య పెద్దగా ఏమీ ఉండేది కాదు. గేమ్ నేరుగా వీడియో కార్డుతో, సౌండ్ కార్డుతో మాట్లాడేది. ఆ కార్డులు ఏవో, ఎలా పనిచేస్తాయో పూర్తిగా తెలుసు, అవి ఇక మారవు కూడా. కాబట్టి ఆ యంత్రం మొత్తాన్నీ సాఫ్ట్‌వేర్‌లో కట్టేయొచ్చు. 2002లో మొదటిసారి విడుదలైన డాస్‌బాక్స్ చేసేది అదే. ప్రాసెసర్, వీజీఏ కార్డు, సౌండ్ బ్లాస్టర్ అన్నీ అందులో ఉన్నట్టు నటిస్తుంది, గేమ్ నమ్మేస్తుంది. 64-బిట్ విండోస్ 16-బిట్ ప్రోగ్రాములను అసలు నడపదు, అందుకే పాత గేమ్ ఫైల్ మీద నేరుగా డబుల్ క్లిక్ చేస్తే మీ కంప్యూటర్‌లో ఇది పనిచేయదు అని మెసేజ్ వచ్చి ఆగిపోతుంది. గేమ్ పాడైందని కాదు.

అసలు డాస్‌బాక్స్ స్థిరమైన విడుదల 2019 తర్వాత రాలేదు. దాని నుంచి పుట్టిన డాస్‌బాక్స్ స్టేజింగ్ ఇప్పుడు నేను అందరికీ చెప్పేది. విండోస్ 3.1, 95 లాంటివి కూడా లోపల ఎక్కించుకోవాలనుకుంటే డాస్‌బాక్స్-ఎక్స్ చూడండి. ఆన్‌లైన్‌లో కొన్న డాస్ గేమ్ అయితే సాధారణంగా డాస్‌బాక్స్ దాంతోపాటే వస్తుంది, మీరు ఏమీ చేయక్కర్లేదు.

గేమ్ మొదలయ్యాక ఏదో తేడాగా ఉందనిపిస్తే చూడాల్సినవి మూడే. వేగం, ఆకారం, శబ్దం.

వేగం సంగతి. 1981 నాటి ఐబీఎం పీసీ ప్రాసెసర్ 4.77 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. అప్పటి కొన్ని గేమ్స్ గడియారం చూసుకోవు, ప్రాసెసర్ ఎంత వేగంగా పోతే అంత వేగంగా తామూ పోతాయి. తర్వాతి కంప్యూటర్లలో అవి పిచ్చి పట్టినట్టు పరిగెత్తేవి. ఆ కాలపు డబ్బాల మీద టర్బో అని ఒక బటన్ ఉండేది గుర్తుందా? పేరుకి టర్బోనే గానీ అది ఉన్నది ఇలాంటి గేమ్స్ కోసం కంప్యూటర్‌ని నెమ్మది చేయడానికి. ఇప్పుడు ఆ పని డాస్‌బాక్స్‌లో సైకిల్స్ అనే సెట్టింగ్ చేస్తుంది. మామూలు డాస్‌బాక్స్‌లో అది 3000 దగ్గర మొదలవుతుంది, ఎనభైల గేమ్స్‌కి అది చాలు. తొంభైల మొదట్లోని 486 ప్రాసెసర్ కాలపు గేమ్‌కి 20,000 – 25,000 దగ్గర పెట్టి చూడండి. కంట్రోల్ నొక్కి ఎఫ్12 కొడితే పెరుగుతుంది, ఎఫ్11 కొడితే తగ్గుతుంది. శత్రువులు కంటికి ఆనకుండా పరిగెడుతుంటే తగ్గించాలి. బొమ్మ తడబడుతుంటే పెంచాలి. పెంచేకొద్దీ శబ్దం తెగిపోతుంటే మీ ల్యాప్‌టాప్ అంత మోయలేకపోతోందని అర్థం, అప్పుడు మళ్ళీ తగ్గించాలి. ఇది ఎవరో చెప్పిన అంకె పెట్టుకునేది కాదు, గేమ్ నడుస్తుండగానే చెవితో కంటితో సరిచేసుకునేది. (మౌస్ డాస్‌బాక్స్ విండోలో ఇరుక్కుని బయటికి రాకపోతే కంట్రోల్-ఎఫ్10. చాలామంది దీనికి కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తుంటారు.)

ఆకారం సంగతి చాలామందికి తెలియనే తెలియదు. డూమ్, ప్రిన్స్ లాంటివి గీసింది 320 అడ్డం, 200 నిలువు చుక్కలతో. కానీ అప్పటి మానిటర్ 4:3 ఆకారంలో ఉండేది, దాని మీద ఆ చుక్కలు నిలువుగా కాస్త సాగేవి. బొమ్మలు గీసినవాళ్ళు ఆ సాగుడు లెక్కేసుకునే గీశారు. ఇప్పుడు సరిచేయకుండా చూపిస్తే డూమ్‌లో కింద కనిపించే సైనికుడి మొహం అప్పడంలా పరుచుకుంటుంది, ప్రిన్స్ పొట్టిగా బండగా కనిపిస్తాడు. ఆస్పెక్ట్ కరెక్షన్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే సరి, స్టేజింగ్‌లో అది ముందే ఆన్‌లో ఉంటుంది. స్క్రీన్ రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. వాటిని పోగొట్టాలని వెడల్పుగా లాగి ఆడేవాళ్ళని చూస్తే నాకు నిజంగానే ఒళ్ళు మండుతుంది.

శబ్దం గురించి రెండు ముక్కలు. గేమ్ ఫోల్డర్‌లో సెటప్ లేదా సెట్‌సౌండ్ అనే ఫైల్ ఉంటుంది. అందులో సౌండ్ బ్లాస్టర్ ఎంచుకుని, అడిగితే పోర్ట్ 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1 అని ఇవ్వండి. అంతే.

డాస్‌బాక్స్ కన్నా మంచి దారి ఉంటే అదే పట్టుకోండి

కొన్ని గేమ్స్‌కి అభిమానులు ఇంజన్‌నే, అంటే గేమ్‌ని నడిపే ప్రోగ్రామ్‌నే, కొత్తగా రాసేశారు. అసలు గేమ్‌లోని బొమ్మలు, శబ్దాలు, లెవెల్స్ ఫైళ్ళు మీ దగ్గర ఉంటే చాలు, వాటిని ఈ కొత్త ఇంజన్ నేరుగా ఇప్పటి విండోస్, లినక్స్, మ్యాక్‌లో నడుపుతుంది. డాస్‌బాక్స్ ఊసే ఉండదు.

డూమ్ దీనికి అసలైన ఉదాహరణ. 1993 డిసెంబరులో వచ్చింది, 1997 డిసెంబరులో దాని సోర్స్ కోడ్‌ను (గేమ్ అసలు ప్రోగ్రామ్ రాతను) దాన్ని తయారుచేసిన ఇడ్ సాఫ్ట్‌వేర్ బయటపెట్టింది. అప్పటినుంచి దాన్ని ఎంతమంది ఎన్ని రకాలుగా మార్చారో లెక్కలేదు. అప్పటి డూమ్ ఎలా ఉండేదో అచ్చం అలాగే, లోపాలతో సహా కావాలంటే చాకొలెట్ డూమ్. అదే రుచి, కానీ బొమ్మ కాస్త స్పష్టంగా, కదలిక నునుపుగా కావాలంటే క్రిస్పీ డూమ్. అసలు డూమ్ సెకనుకి 35 ఫ్రేములు దాటదు. క్రిస్పీలో ఆ పరిమితి తీసేస్తే, అలవాటైనవాళ్ళకి కూడా అది కొత్త గేమ్‌లా అనిపిస్తుంది. మీకు నేను చెప్పేది క్రిస్పీ. జీజెడ్‌డూమ్ అని ఇంకోటి ఉంది, అది మోడ్స్ (అభిమానులు గేమ్‌ని మార్చి చేసినవి) ఆడేవాళ్ళకి. అందులో మౌస్‌తో పైకీ కిందికీ చూడడం, గెంతడం వీలవుతాయి గానీ మొదటిసారి ఆడుతూ అవి వాడకండి. ఆ లెవెల్స్ కట్టింది గెంతలేని మనిషి కోసం.

మంకీ ఐలాండ్‌కి స్కమ్‌వీఎం. 2001 నుంచి ఉంది, పాత అడ్వెంచర్ గేమ్స్ వందలకొద్దీ నడుపుతుంది, ఫోన్‌లో కూడా. ముందు ఉచితంగా ప్రయత్నించాలంటే బినీత్ ఎ స్టీల్ స్కై, ఫ్లైట్ ఆఫ్ ది అమెజాన్ క్వీన్ అనే రెండు పూర్తి గేమ్స్ హక్కుదారుల అనుమతితో స్కమ్‌వీఎం సైట్‌లోనే దొరుకుతాయి. మంకీ ఐలాండ్‌కి 2009లో వచ్చిన స్పెషల్ ఎడిషన్ కూడా బాగుంటుంది. ఎఫ్10 నొక్కితే కొత్త బొమ్మ పోయి 1990 నాటి బొమ్మ వస్తుంది, మళ్ళీ నొక్కితే ఇది. నేను ప్రతి కొత్త గదిలోనూ ఒకసారి అటూ ఇటూ మార్చి చూస్తుంటాను. సగం చోట్ల పాతదే నచ్చుతుంది.

ప్రిన్స్‌కి ఎస్‌డీఎల్‌పాప్. మామూలు ప్రిన్స్‌లో గంటలో పన్నెండు లెవెల్స్ దాటి రాకుమారిని చేరాలి, మూడో లెవెల్ దాకా సేవ్ చేసుకునే వీలే లేదు. దీంట్లో ఎఫ్6తో ఎక్కడైనా సేవ్, ఎఫ్9తో తిరిగి లోడ్. చిన్నప్పుడు "ప్రిన్స్ మెగాహిట్" అని టైప్ చేసి లెవెల్స్ దాటేసినవాళ్ళు ఈసారి నిజాయితీగా పూర్తి చేయొచ్చు. కాకపోతే లెవెల్ మొదట్లో మాత్రమే సేవ్ చేసుకోండి. ప్రతి గెంతుకీ సేవ్ చేస్తే ఆ గంట గడియారానికి అర్థమే ఉండదు, ఆ గడియారమే గేమ్ అంతా.

గ్రహాంతరవాసులతో వంతులవారీగా పోరాడే ఎక్స్-కామ్‌కి ఓపెన్ఎక్స్‌కామ్. ఇక్కడొక తమాషా చెప్పాలి. 1994 నాటి డాస్ వెర్షన్‌లో ఒక లోపం ఉండేది. మీరు ఏ కఠిన స్థాయి ఎంచుకున్నా, ఆట సాగుతుండగా చడీచప్పుడు లేకుండా అన్నిటికన్నా తేలిక స్థాయికి జారిపోయేది. అది తెలియక ఆటగాళ్ళు "పెద్ద స్థాయి కూడా మరీ తేలికగా ఉంది" అని ఫిర్యాదు చేశారు. ఆ మాట పట్టుకుని 1995లో వచ్చిన రెండో భాగాన్ని నరకంలా తయారుచేశారు. ఓపెన్ఎక్స్‌కామ్‌లో ఆ లోపం లేదు, కాబట్టి "నేను అప్పట్లో సూపర్‌హ్యూమన్‌లో గెలిచాను" అనే పెద్దమనుషుల మాట విని ఆ స్థాయి పెట్టుకోకండి. బిగినర్ చాలు.

ఇదే కోవలో ట్రాన్స్‌పోర్ట్ టైకూన్‌కి ఓపెన్‌టీటీడీ, రోలర్‌కోస్టర్ టైకూన్ 2కి ఓపెన్ఆర్‌సీటీ2, సీజర్ 3కి అగస్టస్, డయాబ్లోకి డెవిల్యూషన్ఎక్స్ ఉన్నాయి. ఓపెన్‌టీటీడీకి మాత్రం పాత ఫైళ్ళు కూడా అక్కర్లేదు, సొంతంగా గీసిన ఉచిత బొమ్మలతోనే ఆడొచ్చు.

అసలు తలనొప్పి: 1995 – 2005

విండోస్ 95 వచ్చాక గేమ్ నేరుగా కార్డుతో మాట్లాడడం మానేసి, మధ్యలో డైరెక్ట్ఎక్స్‌తో మాట్లాడడం మొదలుపెట్టింది. ఆ మధ్యవర్తి అప్పటినుంచి మారుతూనే ఉన్నాడు. అందుకే ఇవి పూర్తిగా పాతవీ కావు, పూర్తిగా కొత్తవీ కావు. సమస్యలు నాలుగైదు రకాలుగా వస్తాయి.

మొదటిది, ఇన్‌స్టాలర్. గేమ్ 32-బిట్టే, ఇప్పటి విండోస్‌లో నడుస్తుంది కూడా. కానీ దాని సెటప్ ప్రోగ్రామ్ 16-బిట్. గేమ్ బాగానే ఉండి, దాని గుమ్మమే తెరుచుకోదన్నమాట. అలాంటప్పుడు కొన్ని గేమ్స్‌లో సీడీలోని ఫైళ్ళు ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే సరిపోతుంది. కొన్నిటికి అభిమానులు కొత్త ఇన్‌స్టాలర్ రాశారు.

రెండోది, కాపీ రక్షణ. సేఫ్‌డిస్క్, పాత సెక్యూరామ్ లాంటివి విండోస్ లోపలి డ్రైవర్ల మీద ఆధారపడేవి. భద్రతా కారణాల వల్ల విండోస్ 10 నుంచి ఆ దారి మూసేశారు. అందుకే మీ దగ్గర నిఖార్సైన ఒరిజినల్ సీడీ ఉన్నా గేమ్ మొదలవదు. ఇది చాలామందిని బాధపెట్టే సంగతి. మా బంధువొకాయన తన సీడీనీ, పెట్టెనీ, మాన్యువల్‌నీ భద్రంగా దాచుకుని తెచ్చారు. ఐకాన్ నొక్కితే కర్సర్ కాసేపు తిరిగి ఆగిపోతుంది, మెసేజ్ కూడా రాదు. చివరికి అదే గేమ్‌ని రక్షణ లేని డిజిటల్ కాపీగా మళ్ళీ కొనుక్కున్నారు. మాన్యువల్ మాత్రం ఆయన దగ్గరున్నదే మేలు.

మూడోది, రంగులు. 256 రంగులతో నడిచే గేమ్స్‌లో, ముఖ్యంగా విండోస్ 7 రోజుల్లో, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 గడ్డి ఊదాగా, నీళ్ళు ఎర్రగా మారిపోయేవి. నాలుగోది, ఇప్పటి వెడల్పు స్క్రీన్. ఐదోది, ఫ్రేమ్ రేటు. అప్పటి గేమ్ సెకనుకి 30 ఫ్రేములు అనుకుని రాసిన లెక్కలు, ఇప్పటి కార్డు 300 ఇస్తే తప్పుతాయి.

వీటికి మందు కూడా ఉంది. గేమ్ పేరు పీసీగేమింగ్‌వికీలో వెతకడం మొదటి పని. ఏ సమస్య వస్తుంది, ఏ ప్యాచ్ వేయాలి, సేవ్ ఫైళ్ళు ఎక్కడ ఉంటాయి, అన్నీ ఒకే పేజీలో ఉంటాయి. తర్వాత డీజీవూడూ2 అనే చిన్న సాధనం. పాత డైరెక్ట్ఎక్స్ పిలుపులను, 3డీఎఫ్ఎక్స్ కార్డుల గ్లైడ్ పిలుపులను ఇప్పటి భాషలోకి మార్చిపెడుతుంది. దాని ఫైళ్ళు రెండో మూడో గేమ్ ఫోల్డర్‌లో పడేస్తే చాలాసార్లు గేమ్ లేచి కూర్చుంటుంది. ఏదీ పనిచేయకపోతే 86బాక్స్‌తో ఒక పెంటియం కంప్యూటర్ మొత్తాన్నీ లోపల కట్టి విండోస్ 98 ఎక్కించుకోవచ్చు. అది ఓపిక ఉన్నవాళ్ళ పని. ఇంకో మాట, లినక్స్ వాడేవాళ్ళకి, విండోస్ ప్రోగ్రాములను అక్కడ నడిపే వైన్, ప్రోటాన్ దయవల్ల ఈ కాలపు గేమ్స్ కొన్నిసార్లు విండోస్‌లో కన్నా సాఫీగా నడుస్తాయి. నవ్వొచ్చినా నిజం.

మీరడిగిన రెండింటికి వద్దాం. వైస్ సిటీ పీసీకి 2003లో వచ్చింది. సైలెంట్‌ప్యాచ్ అనే అభిమానుల సవరణ వేయకుండా మొదలుపెట్టకండి. మౌస్ కదలకపోవడం లాంటి రోగాలు చాలావరకు దాంతో పోతాయి. ఆప్షన్స్‌లో ఫ్రేమ్ లిమిటర్ ఆన్‌లోనే ఉంచండి, ఆఫ్ చేస్తే బండ్లు నడిచే తీరే మారిపోతుంది. వైడ్‌స్క్రీన్ ఫిక్స్ కూడా వేస్తే మ్యాప్ గుండ్రంగా కనిపిస్తుంది. ఒక సంగతి తెలిసి కొనండి. పాటల లైసెన్స్ గడువు తీరిపోవడంతో డిజిటల్ కాపీల్లోంచి కొన్ని రేడియో పాటలు తీసేశారు. మీరు వెతికే పాట లేకపోతే మీ కంప్యూటర్ తప్పు కాదు.

ఐజీఐ 2000లో వచ్చింది, గాగ్ అనే ఆన్‌లైన్ షాపులో దొరుకుతుంది, పెద్ద గొడవ పెట్టదు. గొడవంతా గేమ్‌లోనే ఉంది. మిషన్ మధ్యలో సేవ్ లేదు! చిన్నప్పుడు అది కష్టమని కూడా తెలియకుండా ఆడేశాం. ఇప్పుడు నలభై నిమిషాలు పాకుతూ వెళ్ళి, చివరి గేటు దగ్గర వెనకనుంచి ఎవడో కాలిస్తే మళ్ళీ మొదటికి వెళ్ళే ఓపిక ఉంటుందా అన్నది చూసుకోండి. నా సలహా, మ్యాప్ కంప్యూటర్ తెరిచి ముందు అలారం స్విచ్‌లు, కెమెరాలు ఎక్కడున్నాయో చూసుకోండి. అలారం మోగకపోతే ఆ గేమ్ సగం తేలిక.

ఎక్కడ కొనాలి

2008లో గుడ్ ఓల్డ్ గేమ్స్ పేరుతో మొదలైన గాగ్ నా మొదటి ఎంపిక. కాపీ రక్షణ ఉండదు, ఇన్‌స్టాలర్ మీ దగ్గర దాచుకోవచ్చు, చాలా గేమ్స్‌కి మాన్యువల్ కూడా ఇస్తారు. స్టార్‌క్రాఫ్ట్ పాత వెర్షన్ 2017 నుంచి అధికారికంగా ఉచితం. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కి 2019 డెఫినిటివ్ ఎడిషన్ ఉండగా పాతదానితో కుస్తీ పట్టక్కర్లేదు. ఇలా పాత గేమ్‌కి మెరుగులు దిద్ది మళ్ళీ విడుదల చేసే రీమాస్టర్లు అన్నీ అలా ఉండవు లెండి. 2020లో వార్‌క్రాఫ్ట్ 3 రీఫోర్జ్‌డ్ వచ్చినప్పుడు, పాత గేమ్ ఆడుకుంటున్నవాళ్ళ నెత్తిన కూడా కొత్త క్లయింటే పడింది. అందుకే ఇన్‌స్టాలర్ చేతిలో ఉండడం గురించి అంత పట్టుబడుతున్నాను.

ఎక్కడా అమ్మని గేమ్స్ సంగతి వేరు. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేమ్స్‌లో 87 శాతం అప్పటికి మార్కెట్లో దొరకడం లేదు. "అబాండన్‌వేర్" అని పేరు పెట్టినంత మాత్రాన అవి చట్టప్రకారం ఉచితం అయిపోవు, హక్కులు ఎవరివో వాళ్ళవే. కొన్ని డాస్ గేమ్స్‌ని ఇంటర్నెట్ ఆర్కైవ్ 2015 నుంచి బ్రౌజర్‌లోనే ఆడనిస్తోంది, ఒకసారి రుచి చూడడానికి అది సుఖం. "హైలీ కంప్రెస్డ్" అని దొరికే ఫైళ్ళ జోలికి మాత్రం పోవద్దు. నాకు బాగుచేయమని వచ్చే ల్యాప్‌టాప్‌లలో వైరస్ పట్టిన ప్రతిదాని వెనకా అలాంటి ఒక జిప్ ఫైల్ కనిపిస్తుంది.

నడిచింది సరే, ఆడడం ఎలా

ఇక్కడే చాలామంది వదిలేస్తారు. గేమ్ మొదలవుతుంది, ఏం చేయాలో తెలియదు, పది నిమిషాల్లో మూసేస్తారు. ఇప్పటి గేమ్ మొదటి అరగంట మన చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. అప్పటివి ఆ పని కాగితం మీద చేసేవి. కథ, కీలు, ఏ ఆయుధం దేనికి, అన్నీ మాన్యువల్‌లో. కొన్నిటికి మాన్యువల్ తాళం కూడా. ప్రిన్స్‌లో మొదటి లెవెల్ అయ్యాక సీసాలున్న గది వస్తుందే, అక్కడ ఏ అక్షరం సీసా తాగాలో మాన్యువల్ పేజీలో చూసి చెప్పాలి. కాబట్టి ముందు మాన్యువల్ చదవండి. సరదాగా కూడా ఉంటాయి.

మా మేనల్లుడికి ఎక్స్-కామ్ ఇచ్చాను. విమానం దిగగానే అందరినీ వరసగా ర్యాంప్ మీద నడిపించాడు. చీకట్లోంచి ఆకుపచ్చ కాంతి రెండుసార్లు మెరిసింది, ముగ్గురు పోయారు. "ఇదేం గేమ్ మామయ్యా, ఎవరు కొట్టారో కూడా కనపడలేదు" అన్నాడు. పక్కన కూర్చుని ఒక్కటే చూపించాను. మొదటి వంతులో ఎవరినీ దింపకు, ర్యాంప్ కింద పొగ బాంబు వేసి వంతు ముగించు. ఈసారి పొగలో ఒక్కొక్కరినీ దింపి, గోడ పక్కకి చేర్చాడు. ఆ తర్వాత ల్యాప్‌టాప్ నాకు తిరిగి రాలేదు. పాత గేమ్‌ని పరిచయం చేయడానికి ఇలాంటి ఒక్క కిటుకు పెద్ద వివరణ కన్నా బాగా పనిచేస్తుంది.

అడ్వెంచర్ గేమ్స్‌లో ఇంకో రకం ఉచ్చు ఉంది. సియెర్రా అనే కంపెనీ పాత గేమ్స్‌లో ఎక్కడో ఒక వస్తువు తీసుకోకపోయినా, తొందరపడి వాడేసినా, గంటల తర్వాత దారి మూసుకుపోతుంది. గేమ్ ఆ మాట చెప్పదు. 1990 నాటి కింగ్స్ క్వెస్ట్ 5లో పై (pie) అనే తినే వంటకం ఒకటి దొరుకుతుంది. ఆకలేసి తినేస్తే, మంచు కొండల్లో యెటీ ఎదురైనప్పుడు మొహాన కొట్టడానికి చేతిలో ఏమీ ఉండదు. అదే ఏడాది వచ్చిన మంకీ ఐలాండ్ సరిగ్గా దీనికి విరుగుడుగా పుట్టింది, అందులో అలా ఇరుక్కుపోవడం ఉండదు. అందుకే పాత అడ్వెంచర్ అనగానే నేను మంకీ ఐలాండే చెప్తాను. సియెర్రావి ఆడితే వేర్వేరు పేర్లతో చాలా సేవ్‌లు పెట్టుకోండి. చిక్కుకుంటే మొత్తం జవాబు చదివేయకుండా, యూహెచ్ఎస్ హింట్స్ వాడండి. ఒక్కో సూచన ఒక్కోసారే చూపిస్తాయి.

కీల విషయంలో మొహమాటం వద్దు. పాత షూటర్లలో బాణం కీలు ఉంటాయి, వాటిని డబ్ల్యూ-ఏ-ఎస్-డీకి మార్చేసుకోండి. అందులో పవిత్రత ఏమీ లేదు.

పాత పద్ధతిలో వస్తున్న కొత్తవి

వీటిలో మంచివి పాతదాన్ని నకలు చేయవు. మన జ్ఞాపకంలో ఎలా ఉందో అలా చేస్తాయి. షావెల్ నైట్ (2014) చూస్తే పాత నింటెండో గేమ్‌లా ఉంటుంది. కానీ ఆ యంత్రం మీద అది నడవనే నడవదు. స్క్రీన్ వెడల్పు ఎక్కువ, రంగులు ఎక్కువ, బొమ్మలు గుంపుగా వస్తే వెనకటిలా మినుకుమినుకుమనవు. సెలెస్ట్ (2018)లో అంచు దాటాక కూడా రెప్పపాటు సేపు గెంతనిస్తారు, నేల తాకకముందే గెంతు నొక్కినా గుర్తుపెట్టుకుంటారు. ఆడేవాళ్ళకి ఇది తెలియదు, "నా చెయ్యి బాగా తిరిగింది" అనుకుంటారు. ప్రిన్స్‌లో అలాంటి జాలి లేదు. ఒక్క అడుగు ముందుకి వేసి నొక్కితే కింద ఇనుప ముళ్ళే. ప్లాట్‌ఫార్మ్ గేమ్స్‌కి ముందు కొత్తవి ఆడమన్నది ఇందుకే. వేళ్ళకి లయ అలవాటయ్యాక ప్రిన్స్ కఠినంగా ఉన్నా అన్యాయంగా అనిపించదు.

అడ్వెంచర్‌కి థింబుల్‌వీడ్ పార్క్ (2017), మంకీ ఐలాండ్ సృష్టికర్త రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ కలిసి చేసింది. తేలిక, కష్టం రెండు స్థాయిలు ఉన్నాయి. షూటర్లలో డస్క్ (2018), క్వేక్ తెలిసినవాళ్ళకి పండగ. రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ (2018) రెండే రంగులతో, పాత మ్యాక్ స్క్రీన్‌లా ఉంటుంది. కానీ ఓడలో ఎవరు ఎలా చచ్చారో మనమే తేల్చే ఆ ఆట ముప్పై ఏళ్ళ కిందట రాగలిగేది కాదు. యూఎఫ్ఓ 50 (2024)లో ఎనభైల నాటి ఒక కల్పిత కంపెనీ చేసినట్టుగా యాభై గేమ్స్ ఉన్నాయి. ఏదీ వివరించదు, అదే దాని మజా. పాత గేమ్స్‌కి మనసు సిద్ధం చేసుకోవాలంటే దీన్ని మించింది నాకు తెలియదు.

నాసిరకాన్ని ట్రైలర్‌లోనే పట్టేయొచ్చు. పెద్ద పెద్ద చుక్కలతో గీసిన మనిషి చేతిలో సన్నటి చుక్కల కత్తి ఉంటుంది, అది తిరిగినప్పుడు అంచులు నున్నగా వస్తాయి. చుక్క సైజు విషయంలో కూడా పట్టింపు లేనివాళ్ళు లెవెల్స్ శ్రద్ధగా కడతారని నేను అనుకోను. ఒకటి రెండు మినహాయింపులు ఉండొచ్చు.

చివరగా మీ సీడీలు

పనికొస్తాయి, కానీ ఆలస్యం చేయకండి. కంపెనీ ప్రెస్ చేసిన సీడీలు ఇంకా బాగానే ఉండొచ్చు. ఇంట్లో రాసుకున్నవాటిలోని రంగు పొర పాడవుతూ వస్తుంది. యూఎస్‌బీ సీడీ డ్రైవ్ ఒకటి తెచ్చుకుని వాటన్నిటికీ ఇమేజ్ (సీడీ మొత్తానికి ఫైల్ రూపంలో నకలు) తీసుకోండి. ఇక్కడొక జాగ్రత్త ఉంది. తొంభైల సీడీల్లో చాలావాటిలో మొదటి ట్రాక్ గేమ్, మిగతావి మామూలు ఆడియో పాటలు. 1996 నాటి క్వేక్‌లో నేపథ్య సంగీతం అంతా అలాగే ఉంది. ఐఎస్ఓ అనే రకం ఇమేజ్‌గా తీస్తే గేమ్ ట్రాక్ ఒక్కటే వస్తుంది, సంగీతం పోతుంది, గేమ్ మాత్రం ఏమీ చెప్పకుండా మౌనంగా నడుస్తుంది. అందుకని బిన్, క్యూ అనే రెండు ఫైళ్ళుగా తీయండి. డాస్‌బాక్స్‌లో ఆ క్యూ ఫైల్‌నే మౌంట్ చేస్తే పాటలు కూడా వస్తాయి. కాపీ రక్షణ ఉన్న సీడీలు ఇలా మామూలుగా రాకపోవచ్చు, వాటిని పక్కన పెట్టండి.

సీడీల పేర్లు, వాటి మీద అచ్చేసిన సంవత్సరం, మీ ల్యాప్‌టాప్‌లో ఏ విండోస్ ఉందో కింద రాయండి. ఏది ఏ దారిలో వెళ్ళాలో విడివిడిగా చెప్తాను.